గోడకో మాట

రాష్ట్రంలో ఏ ఇంటి గోడా ఇకపై మూగగా ఉండటానికి వీల్లేదని స్ఫూర్తి శాఖ మంత్రిగారు నూజివీడు సభలో ప్రకటించారు. పథకం పేరు 'గోడకో మాట'. ప్రతి ఇంటికీ ఒక సూక్తి, పక్కనే మంత్రిగారి నవ్వు, రెండూ కలిపి ఆరడుగుల ఫ్లెక్సీ. ప్రజలకు ఇంతకాలం ఏం తక్కువైందో ఇంత చక్కగా కనిపెట్టిన నాయకుడు మరొకరు లేరు.

మండలంలో ఈ మహాయజ్ఞం బాధ్యత రత్నబాబుది. పార్టీ జెండా మోసి మోసి భుజం కాయలు కాసిన మనిషి. ఒక్క చైర్మన్ పదవి కోసం ప్రాణం కొట్టుకుంటోంది. దేనికి చైర్మన్ అయినా ఫరవాలేదు. మధ్యాహ్నం మంత్రిగారు ఒక లబ్ధిదారు ఇంటికి వస్తున్నారంటే, పదవే కారెక్కి వస్తున్నట్టు అనిపించింది.

మంత్రిగారి పీఏ ఎంచిన ఇల్లు పార్వతిది. ఆమె తోటల్లో మామిడికాయలు ఏరే కూలి. ఇల్లు రోడ్డు పక్కనే, వెనక తోట, ఫొటోకి బాగుంటుంది. రత్నబాబు ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లేసరికి ఆ ఇంటికి రోడ్డువైపు గోడే లేదు.

"మొన్న గాలివానకి పడిపోయిందండీ. గోడకేమన్నా సాయం చేయిస్తారా?" అంది పార్వతి.

"గోడ మా శాఖ కాదమ్మా. గోడ మీద మాట వరకే మాది."

"మరి దేనికి తగిలిస్తారండీ?"

రత్నబాబు ఇల్లు మారుద్దామని పీఏకి ఫోన్ చేశాడు.

"పేపర్లకి వార్త కూడా పంపేశాం. గోడ సంగతి నువ్వే చూసుకో," అని అతను ఫోన్ పెట్టేశాడు.

కార్యసాధకుడు ఊరుకుంటాడా? పక్కనే మామిడి ప్యాకింగ్ షెడ్డు నడిపే సలోమోనును బతిమాలి, కాయలు నింపే ప్లాస్టిక్ ట్రేలన్నీ తెప్పించాడు. చూరుదాకా పేర్చి, మీద ఫ్లెక్సీ బిగించాడు. 'సంకల్పం ఉంటే చాలు, సర్వం సమకూరుతుంది.'

"సాయంత్రం లారీ లోడింగ్ ఉందండీ. నా ట్రేలు నాకు కావాలి," అన్నాడు సలోమోను.

"మంత్రిగారు ఎక్కడా ఎక్కువసేపు నిలవరయ్యా!"

మంత్రిగారు వచ్చారు. గోడను వాసన చూసి, "ఆహా, గోడకి కూడా మామిడి పరిమళమే!" అని మెచ్చుకున్నారు.

"ఎప్పుడు కట్టారమ్మా ఈ గోడ?"

పార్వతి రత్నబాబు వైపు చూసింది. రత్నబాబు ఆకాశం వైపు చూశాడు.

"పొద్దున లేదండీ. ఈ బొమ్మ తెచ్చాకే లేచిందండీ." పార్వతి అబద్ధం చెప్పే మనిషి కాదు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. మైకు అందుకున్నారు. "చూశారా? ఒక్క మాటకి గోడ లేచింది! నాలుగు మాటలిస్తే ఇల్లే లేస్తుంది. ఇక ఇటుకలూ సిమెంటూ దండగ. జిల్లా గృహ కమిటీని ఈ క్షణమే రద్దు చేయిస్తున్నాను!"

అందరికంటే గట్టిగా రత్నబాబే చప్పట్లు కొట్టాడు. మంత్రిగారు అతని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లారు.

"నిన్ను ఆ కమిటీకే చైర్మన్‌ని చేద్దామని ఆర్డరు జేబులో పెట్టుకొచ్చానయ్యా. నువ్వేమో దాని అవసరమే లేకుండా చేశావు. ఎంత త్యాగం!"

రత్నబాబు కళ్లు ఆ జేబు మీదే నిలిచాయి. మంత్రిగారు ఆర్డరు చింపేసి, కారులోని స్టాకులోంచి ఒక ఫ్లెక్సీ తీయించి ఇచ్చారు. 'ఆశించనివాడే అసలైన నాయకుడు.' కెమెరాలు చుట్టుముట్టాయి.

కాన్వాయ్ కదలగానే సలోమోను మనుషులు గోడను లారీకెక్కించారు. పార్వతి తన ఫ్లెక్సీని ఎండలో పరిచి, మంత్రిగారి నవ్వు మీద మాగాయ ముక్కలు ఆరబోసింది. రత్నబాబు ఇంకా ఫొటోకి నవ్వుతూనే ఉన్నాడు.