చిదంబరం గారి గేటు ముందు ఫేక్ నీళ్ళు

సోషల్ మీడియా వల్ల రాజకీయాలు చెడిపోయాయని వాపోయేవాళ్ళు ముందు చిల్కానగర్ వెళ్ళి చిదంబరం గారి పాదాలు చూసి రావాలి. అరవై దాటిన మనిషి పాదాలు ఎంత నున్నగా ఉన్నాయో! ఒక్క పగులు లేదు. పొద్దస్తమానం రాజకీయాల్లో మునిగి తేలే మనిషికి ఇలాంటి పాదాలు పూర్వం ఎప్పుడైనా సాధ్యమయ్యేవా?

పాతకాలపు రాజకీయమంటే ఏమిటండీ? ఎండలో ఊరేగింపు, లారీలో మీటింగు, పులిహోర పొట్లం, ఆ పొట్లం కోసం తోపులాట. వెళ్ళినవాడికి గొంతైనా పోయేది, చెప్పులైనా పోయేవి. ప్రజాస్వామ్యం నడవాలంటే మనిషి కూడా నడవాల్సి వచ్చేది. ఇప్పుడు బొటనవేలు కదిపితే చాలు. ఇంతకన్నా ప్రగతి ఇంకేం కావాలి మనకు?

చిదంబరం గారు తణుకు నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, నాచారంలో ఒక కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన మాట ఆఫీసులో సరే, ఇంట్లో కూడా చెల్లలేదు. రిటైరయ్యాక చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. అంతే, ఆయనలో నిద్రపోతున్న పౌరుడు లేచి కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడని నేననలేదు, గమనించండి. కూర్చున్నాడు, సోఫాలో.

వాళ్ళ గల్లీకి 'మన గల్లీ, మన గళం' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే గులాబీపువ్వుతో శుభోదయం చెప్పుకుని, కాఫీ చల్లారేలోపు ఒకరినొకరు దేశద్రోహులుగా తేల్చుకునే ముచ్చటైన గ్రూపు. అందులో మన చిదంబరం గారు తన పార్టీ తరఫున చేసిన పోరాటం చూసి, ఏరియా లీడరు ఆయన్ను వార్డు సోషల్ మీడియా కన్వీనరుని చేశాడు. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కూడా వెలిసింది. దాని మీద లీడరు నవ్వు తలుపంత, కింద మూలన నమస్కారం పెడుతున్న చిదంబరం గారు పోస్టుకార్డంత. ఆ ఫ్లెక్సీ చూడడానికి మాత్రం ఆయన స్వయంగా గల్లీ మొదటిదాకా నడిచారు. ఆ ఏడాది ఆయన చేసిన పాదయాత్ర అదొక్కటే.

గట్టి వాన ఒకటి పడేసరికి ఫ్లెక్సీ మాయమైంది. గాలికి పడిందేమో, ఎటు కొట్టుకుపోయిందో చూద్దామని మనలాంటి పామరులు అనుకుంటాం. చిదంబరం గారు అలా అనుకోలేదు. అవతలి పార్టీవాళ్ళే దొంగిలించారని నిర్ధారించి, 'ఫ్లెక్సీ దొంగల్లారా, ఖబడ్దార్' అని వారంపాటు ఉద్యమం నడిపారు. ఎక్కణ్ణుంచి అని అడగకండి, సోఫాలోంచే.

ఇలా ఉండగా ఒకరోజు దుర్గేష్ అనే కుర్రాడు గ్రూపులో ఫొటో ఒకటి పెట్టాడు. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తూ, గల్లీ మొదట్లో అద్దెకుంటాడు. చిదంబరం గారు మనిషిని ఎన్నడూ చూడలేదు గానీ డీపీని బాగా ఎరుగుదురు. మెడలో అవతలి పార్టీ కండువా ఉంటుంది. ఫొటోలో మూత లేని మ్యాన్‌హోల్ పొంగి నల్లటి నీళ్ళు గల్లీలో పారుతున్నాయి. 'మోరీ పొంగుతున్నది. వార్డు ఆఫీసుల కంప్లైంట్ పెట్టిన. ఎవలన్న పట్టించుకోండ్రి' అని కింద రాశాడు.

కిటికీ తెరిచి చూస్తే సరిపోయేది. కానీ కిటికీ తెరిస్తే దోమలొస్తాయి. అందుకని చిదంబరం గారు ఫొటోనే పెద్దది చేసి శాస్త్రీయంగా పరిశీలించారు. నీళ్ళ రంగు మన గల్లీ నీళ్ళలా లేదు. పక్కన నిలబడ్డ కుక్క మన గల్లీ కుక్క కాదు. (ఆ కుక్క రోజూ ఆయన గేటు ముందే పడుకుంటుంది. పాపం, దానికి డీపీ లేదు.) 'ఇది వేరే రాష్ట్రంలో తీసిన ఫొటో. మన లీడరుని అప్రతిష్ఠపాలు చేసే కుట్ర' అని తీర్పు ఇచ్చేశారు.

అక్కడితో ఆగితే ఆయన కన్వీనరు ఎందుకవుతారు? ప్రజాస్వామ్యం మీద గౌరవంతో గ్రూపులో పోల్ పెట్టారు. నిజమా? ఫేకా? ఓట్లు ఎలా పడ్డాయనుకున్నారు! అసలు ఎన్నికల్లో ఆ గల్లీలో సగంమంది పోలింగ్ బూత్ మొహం చూడరు, సెలవిచ్చారు కదా అని పడుకుంటారు. ఈ పోల్లో మాత్రం ముసలీ ముతకా అందరూ ఓటేశారు. ఒక చేత్తో వాసనకి ముక్కు మూసుకుని, రెండో చేత్తో 'ఫేక్' నొక్కినవాళ్ళు కూడా ఉన్నారు. ఫేక్ బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచింది. చిదంబరం గారు ఆ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి, దుష్ప్రచారాన్ని నమ్మవద్దని వార్డు ఆఫీసుకు పంపించారు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. నిజం సంగతి గ్రూపు చూసుకుంది. పల్లం సంగతి నీళ్ళు చూసుకున్నాయి. ఆ గల్లీ చివర, అందరికన్నా పల్లంలో ఉన్నది చిదంబరం గారి ఇల్లే.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య కమలకుమారి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వచ్చి సోఫా ముందు నిలబడింది.

"ఏమండీ, మీ ఫేక్ నీళ్ళు గేటు దాటి లోపలికొచ్చాయి. సంపు మూతకి ఇంకా నాలుగు వేళ్ళే ఉంది. అందులో కలిశాయంటే తాగడానికి గుక్కెడు నీళ్ళుండవు. లేస్తారా, లేకపోతే దీనికీ ఓటింగు పెడతారా?"

చిదంబరం గారు లేచారు. సంపు చూశారు. వెంటనే ఫొటో తీసి తానే గ్రూపులో పెట్టారు. 'మీరు కూడా అమ్ముడుపోయారా సార్?' అని మొదటి జవాబు వచ్చింది. గేటు నీడ తప్పుగా పడిందని ఇంకొకరు కనిపెట్టారు. వీడియో పెడితే 'గ్రాఫిక్స్ బాగా కుదిరాయి అన్నా' అని మెచ్చుకున్నారు. ఎవరిని తప్పుపట్టగలం? ఆయన నేర్పిన విద్యే.

ఇక తప్పక ఆటో ఎక్కారు. రోజూ ట్యాగ్ చేసే వార్డు ఆఫీసు ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆటో అతనికి తెలుసు గనక చేరారు. అక్కడి ఆఫీసరు అంతా విని, తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఆ ఫొటో ఫేక్ అని మీరే పంపిన్రు గద సార్. గల్లీ మొత్తం ఓటేసి చెప్పినంక మేమెట్ల కాదంటం? కంప్లైంట్ క్లోజ్ జేసినం."

"అది నిన్నండీ. ఇవాళ నిజంగానే వచ్చాయి," అన్నారు చిదంబరం గారు నీళ్ళు నములుతూ.

"సాయంత్రం మిషన్ పంపుత. గని గల్లీలోల్లు ఇద్దరన్న నిలబడి సూపియ్యాలె. మస్తు సార్లు పంపితే గల్లీల మనిషే ఉంటలేడు, మావోల్లు తిరిగొస్తున్నరు."

ఇద్దరు! చిదంబరం గారు ఊపిరి పీల్చుకున్నారు. తానొకరు, ఇంకొకరు దొరకడమెంతసేపు? 'సాయంత్రం ఒక్కరు వచ్చి నాతో నిలబడండి చాలు' అని గ్రూపులో పెట్టారు. బొటనవేళ్ళు, దణ్ణాలు, పిడికిళ్ళు వరదలా వచ్చాయి. 'మీ వెంటే ఉన్నాం సార్' అన్నారు చాలామంది. వాళ్ళలో ఒకాయన ఇల్లు మారి ఏఎస్ రావు నగర్ వెళ్ళిపోయి చాలాకాలమైంది. సాయంత్రానికి గల్లీలో కుక్క తప్ప ఎవరూ లేరు. సంపు మూతకి రెండు వేళ్ళుంది.

అప్పుడు చిదంబరం గారి పాదాలు, మనం మొదట్లో మెచ్చుకున్న ఆ నున్నటి పాదాలే, మురుగులో దిగాయి. చీలమండల దాకా నీళ్ళలో ఈడ్చుకుంటూ గల్లీ మొదటికి వెళ్ళి, అవతలి పార్టీ కండువా ఆరేసి ఉన్న ఇంటి తలుపు కొట్టారు. బనీనుతో ఉన్న కుర్రాడు తలుపు తీశాడు.

"ఎవలు కావాలె అంకుల్?"

అతను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఈయన డీపీలో లీడరు ఉంటాడు.

"నేను చిదంబరాన్ని బాబూ. గ్రూపులో..." అని ఆగిపోయారు.

దుర్గేష్ ఆయన మొహం చూసి, కింద పాదాలు చూశాడు. "నీళ్ళు నిజమేనా అంకుల్?"

"నిజమే బాబూ." ఆ రెండు మాటలు అనడానికి ఆయనకు చాలా కష్టమైంది.

"జర ఆగుండ్రి. అంగీ ఏస్కొని వస్త."

ఇద్దరూ మ్యాన్‌హోల్ దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. మిషన్ వచ్చింది. పైపు లోపలికి దింపితే ఏదో అడ్డుపడింది. పనివాళ్ళు కొక్కెం వేసి లాగారు. నల్లగా, పొడుగ్గా ఏదో వస్తూనే ఉంది. చివరికి దాన్ని రోడ్డు మీద పరిచి నీళ్ళు కొడితే లీడరు తలుపంత నవ్వు బయటపడింది. కింద మూలన, రెండు చేతులూ జోడించి, చిదంబరం గారు ఉన్నారు.

గల్లీలో నీళ్ళు గడగడమంటూ దిగిపోయాయి. గేటు దగ్గర్నుంచి కమలకుమారి, సంపు దక్కిందని చెయ్యి ఊపింది.

చూశారా? ఏళ్ళ తరబడి ఒకే గల్లీలో ఉంటూ మొహాలు ఎరగని రెండు పార్టీల వాళ్ళను సోషల్ మీడియా ఎలా కలిపిందో! ఇంకా దాన్ని తిట్టడానికి మీకు నోరెలా వస్తుంది?

దుర్గేష్ ఫ్లెక్సీని ఫొటో తీశాడు. ఫ్లెక్సీ దొంగ అని వారం రోజులు తిట్లు తిన్నవాడు మరి. గ్రూపు తెరిచి, బొటనవేలు ఫోన్ మీద ఆనించి, నవ్వాపుకుంటూ అడిగాడు.

"గ్రూపుల పెట్టాల్నా అంకుల్?"

చిదంబరం గారు ఫ్లెక్సీలోని తనను ఒకసారి చూసుకున్నారు. తర్వాత వరసగా మూసి ఉన్న కిటికీలను చూశారు. ఆయన మొహంలో ఎంతో కాలానికి నిశ్చింత కనిపించింది.

"పెట్టు బాబూ. ఎవరూ నమ్మరు."