ఆరు ప్రశ్నలకూ అవును

ఆ ఉదయం ఫారాల తాత వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్లడం, పరుగు పందేల జట్టులో చేరడానికి డాక్టరమ్మ చేత సంతకం పెట్టించడం, పన్నెండులోపు ఆ కాగితం బడిలో ఇచ్చి ఇంటికొచ్చి కునుకు తీయడం. పన్నెండు దాటితే జట్టులో చోటు ఇంకో పిల్లకి పోతుంది.

తపాలా కచేరీలో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా ఊరందరి దరఖాస్తులూ నింపిపెట్టిన చెయ్యి ఆయనది. ఖాళీ గడి కనిపిస్తే చాలు, ఆ చేతికి దురద పుడుతుంది. "గడి వదిలితే కాగితం తిరిగొస్తుంది, అబద్ధం రాస్తే పోలీసులొస్తారు" అనేది ఆయన సూత్రం.

బరువు చూపించుకోవడానికి లోపలికెళుతూ మనవరాలు పదిహేడో నంబరు చీటీ తాత చేతిలో పెట్టింది. నర్సమ్మ వచ్చి, మనిషి మొహం చూడకుండా చీటీ మాత్రం చూసి, అదే నంబరు వేసిన ఫారం ఆయన ఒళ్లో పడేసింది.

"పేరు రాయక్కర్లేదు. ఏదీ దాచకుండా రాయాలి" అని వెళ్లిపోయింది.

పంతొమ్మిదేళ్లలోపు పిల్లలకి తాగుడు, మత్తుమందుల అలవాటుందేమో ముందే కనిపెట్టే ఫారం అది. ఆ సంగతి పైన చిన్న అక్షరాల్లో ఉంది. తాత చిన్న అక్షరాలు చదవడం రిటైరైన రోజే మానేశాడు. ఆరు ప్రశ్నలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

'తాగినవాళ్లు నడిపిన బండి ఎప్పుడైనా ఎక్కారా?'

తాత ఎదురుగా ఉన్న గోడ మాయమైంది. పదిహేడేళ్ల వయసు, ముందు మెకానిక్ మిత్రుడి వీపు, చెవుల్లో గాలి. "అవును. మోటారుసైకిలు వాగులోకి దిగింది. దీపం ఆరలేదు. ఆ వెలుగుకి చేపలు చుట్టూ చేరితే, ఇద్దరం వాటికి పాటలు పాడాం" అని రాశాడు. మిత్రుడు పోయి పదకొండేళ్లు. పాట ఇంకా నోటికొస్తుంది గాని, గొంతు కలిపేవాడే లేడు. తాత కళ్లజోడు తుడుచుకుని తరవాతి గడికి వెళ్లాడు. అన్నిటికీ అవుననే రాశాడు. 'మానుకోమని ఎవరైనా చెప్పారా?' అన్న ఐదో ప్రశ్న దగ్గర కలం కాసేపు ఆగింది. "ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది" అని రాసి, ఆరోదీ ముగించాడు.

లోపల ఆ ఫారం చదివిన డాక్టరమ్మ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నేను తిట్టనమ్మా. ఆ మోటారుసైకిలు ఎవరిది?"

"ఏ మోటారుసైకిలండీ?"

"పోనీ, చేపలు ఎన్నాళ్లనుంచి కనిపిస్తున్నాయి?"

పిల్ల బిక్కమొహం వేసింది. దాంతో డాక్టరమ్మ అనుమానం బలపడింది. తాతని పిలిపించి ఫారం చూపించింది.

"ఇందులో సంగతులు మీకు తెలుసా?"

"తెలియకేం! నా కళ్లముందు జరిగినవే. అక్షరం అబద్ధం లేదు."

"మరి ఆపలేదా?"

"ఆ వయసు ఒకరు ఆపితే ఆగేదా, డాక్టరమ్మా!" అని తాత మురిసిపోయాడు.

డాక్టరమ్మ కలం మూసి, ఫోను తీసింది. అప్పటికి పదకొండు దాటింది.

కాసేపటికి తాత కూతురు, అంటే పిల్ల తల్లి, రొప్పుతూ వచ్చింది, వెనకాలే అమ్మమ్మ. "నా కూతురా? గ్లాసుడు పాలు తాగమంటే ఇల్లంతా పరిగెత్తిస్తుందండీ!" అంటూ కూతురు ఫారం లాక్కుంది. అడుగున ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఇట్లు, తమ విధేయుడు.'

"నాన్నా!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ పిల్లని నాలుగు మాటలు అడిగి, క్షమించమని చెప్పి, సంతకం పెట్టింది. పిల్ల ఆ కాగితంతో బడికి పరుగు తీసింది. పన్నెండుకి ఏడు నిమిషాలుండగానే అందించిందట. జట్టులో చేరకముందే మొదటి పందెం గెలిచిందన్నమాట.

"ఇంతకీ ఎలా మానేశారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఆ పిల్ల ఏడ్చిన రోజే, డాక్టరమ్మా. మళ్లీ చుక్క ముట్టలేదు" అన్నాడు తాత.

కూతురికి కళ్లు చెమర్చాయి. "అమ్మా, ఎప్పుడూ చెప్పలేదేం? నువ్వేనా ఆ పిల్లవి!"

అమ్మమ్మ ఐదో జవాబు రెండుసార్లు చదివింది.

"నేనెక్కడ ఏడ్చానే? సంబంధం మాట్లాడేటప్పుడు 'పుట్టి బుద్ధెరిగి వాసన కూడా చూడలేద'న్నారు ఈయన! ఏమండీ, ఎవరా అమ్మాయి?"

జీవితంలో మొదటిసారి తాత ఒక గడి ఖాళీగా వదిలేశాడు.