అంతు లేని ఆటకు ముగింపు పలకబోయి

మిత్రులారా, మీలో ఎవరి భార్యకైనా గుర్రం ఉందా? మా ఆవిడకు ఉంది. గుర్రమే కాదు, ఏటి ఒడ్డున మేడ, దాని వెనుక మూలికల తోట కూడా ఉన్నాయి. దుఃఖమేమిటంటే ఆ ఆస్తి యావత్తూ మా హాల్లోని టీవీలోనే ఉంది.

మా అమ్మాయి ఇల్లు మారుతూ తన వీడియో గేముల పెట్టెను మా ఇంట్లో దింపి వెళ్ళింది. అందులో రెండు ఆటలు. రెండింటిలోనూ మనం ఒక వీరుడి వేషం కట్టాలి. మొదటిది కథ ప్రకారం నడిచేది. ఒక ఘట్టం ముగిస్తేనే మరొకటి. రెండోది ఓపెన్ వరల్డ్. ఒక దేశాన్నే మన ముందు పరిచి, ఎటైనా పొమ్మంటుంది. మా ఆవిడ రెండోదానిలోకి వెళ్ళింది. ఇంకా తిరిగి రాలేదు.

అంతకు ముందు మాకు సాయంత్రం టీ ఉండేది. టీతో పాటు వాదన ఉండేది. కిటికీ తెరల రంగు మొదలు ప్రపంచ శాంతి దాకా ప్రతి విషయంలోనూ ఆవిడ నన్ను ఓడించేది. నేను ఓటమిని అంగీకరించేవాణ్ణి కాను. మా కాపురమంటే అదే. ఇప్పుడు నేనేమన్నా "ఊఁ" అంటుంది. కళాశాల ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన వాణ్ణి. అయినా "ఊఁ"తో వాదించే విద్య నాకు ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏమోయ్, ఈ ఆట ఎప్పటికి ముగుస్తుంది?"

"ముగియదండీ."

"ముగియకపోతే అదేం కథ? ఆది, మధ్యం, అంతం ఉండొద్దూ? అక్కడ మాంత్రికుడు రాజ్యాన్ని తగలబెడుతుంటే నువ్వు మూలికలు కోసుకుంటావేమిటి?"

"వాడు రోజూ తగలబెడుతూనే ఉంటాడు. మూలికలు వాడిపోతాయి."

"హాయిగా ఆ మొదటి ఆట ఆడు. అడుగడుక్కీ అర్థం ఉంటుంది."

"చూశాను లెండి. వాళ్ళు చెప్పిన తలుపే తెరుచుకుంటుంది. చెప్పిన దారినే నడవాలి. కాస్త ఆగితే త్వరగా పదమని కసురుతారు. ఇన్నేళ్ళు మీతో కాపురం చేశాక మళ్ళీ అదే ఆటా?"

నాకు సమాధానం తోచేలోగా ఆవిడ గుర్రమెక్కి వెళ్ళిపోయింది.

నిరాశ మనిషి చేత ఎంతటి పనైనా చేయిస్తుంది. ఆ ఓపెన్ వరల్డ్‌లోనూ ఒక మూల ప్రధాన కథ ఉందని గ్రహించాను: మాంత్రికుణ్ణి వధించడం. వాడు చస్తే ఆట ముగుస్తుంది. ఆట ముగిస్తే టీ వస్తుంది. ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిన మధ్యాహ్నం, తలుపు గడియ పెట్టి కంట్రోలర్ చేతబట్టాను.

తెర మీద వీరుడు ప్రత్యక్షమయ్యాడు. బట్టతల, కళ్ళజోడు, కాస్త పొట్ట. ఈవిడ అభిరుచి ఇలా తగలడిందేమిటని విచారించానే గాని, అంతకు మించి ఆలోచించలేదు.

కోట వైపు బయలుదేరానో లేదో, ఒక ముసలమ్మ అడ్డం వచ్చి తన మేక తప్పిపోయిందంది. తెర మీద రెండు జవాబులు: 'సరే', 'నాకు పని ఉంది'. పెద్దావిడ మొహం మీద పని ఉందనడం మర్యాదస్థుల లక్షణం కాదు. సరే అన్నాను. కమ్మరి సుత్తి పోయిందన్నాడు. సరే. కాపలావాడు తన ప్రియురాలికి ఉంగరం అందించి రమ్మన్నాడు. నా వయసుకు తగిన పని కాదు, అయినా సరే. ఈ వార్త ఎలా పొక్కిందో గాని, వంతెన దగ్గర జనం బారులు తీరారు.

ఎట్టకేలకు మేక దొరికింది. దాన్ని గుర్రమెక్కించి ఏరు దాటబోయాను. గుర్రం మునిగింది. మేక ఈదింది. తీరా ఒడ్డుకు చేరాక అది వేరొకరి మేకని తేలింది. భటులు నన్ను పట్టుకుపోయారు. లైబ్రరీ పుస్తకం కూడా గడువు దాటనివ్వని నేను మేకల దొంగగా చెరసాలలో పడ్డాను.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీశాను. ఆవిడ తెర వైపు చూసింది.

"జైల్లో ఉన్నారేంటండీ?"

"మేక విషయంలో చిన్న అపార్థం జరిగింది."

"గుర్రమేదీ?"

"ఏరు లోతుగా ఉందని దానికైనా తెలియాలి కదా!"

ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, వేయాలని ఆశపడ్డాను. ఆవిడ నవ్వి ఏదో మీట నొక్కింది. మేడ ముందు గుర్రం నిక్షేపంగా మేస్తోంది. పక్కన కత్తి పట్టుకుని ఒక వీరనారి.

"ఇది నా ఆట. అది మీ కోసం నేను వేరేగా మొదలుపెట్టిన ఆట. బట్టతల చూసైనా పోల్చుకోలేదూ? కథ ముగించడానికి ఏదో ఒకరోజు దొంగచాటుగా వస్తారని తెలుసు. నా గుర్రాన్ని మీ చేతుల్లో పెడతానా?"

"మోసం!"

"కూర్చోండి, టీ పెడతాను. పాపం, ముసలమ్మకి మాట ఇచ్చారుగా!"

అప్పటినుంచి సాయంత్రాలు టీ వస్తోంది. వాదన కూడా వస్తోంది. కంట్రోలర్ నా చేతిలో, పెత్తనం ఆవిడ నోట్లో.

"ఎడమకి తిరగమన్నానా?"

"కోట అటే కదోయ్!"

"కోట ఎక్కడికి పోతుంది? ముందు మేక సంగతి చూడండి."

మాంత్రికుడు నిక్షేపంగా ఉన్నాడు. రాజ్యం తగలబడుతూనే ఉంది. నిన్న పాపం ఆవిడే జాలిపడి, "ఇక వెళ్ళి వాణ్ణి చంపి రండి, కథ ముగిసిపోతుంది" అంది.

"ఆగవోయ్," అన్నాను కసురుకుంటూ, "మూలికలు వాడిపోతాయి."