నడిచిపోయిన మూడో రాయి

"బాల్‌రాజ్, ఒక్కటి యాదిపెట్టుకో. ఈ తాలూకాల నేరం చేసేటోడు రెండు మాట్ల ఆలోచించాలె. పోలీసులకు దొరుకుతనా అని ఒకమాటు, పాండురంగానికి దొరుకుతనా అని ఇంకోమాటు. మొదటిదానికి వాడు నవ్వుకుంటడు. రెండోదానికి వాని కాళ్లు వణుకుతయి."

ఈ ప్రకటన చేసింది మా పాండురంగమే. వికారాబాద్ స్టేషన్ ఎదురుగా ఉన్న నా చాయ్ హోటల్లో, నా బెంచీ మీద కూర్చొని, నా చాయ్ తాగుతూ చేశాడు. రజాకార్ల గడబిడ ముగిసి అప్పటికి పదేళ్లు కావస్తోంది. దేశమంతా నెమ్మదిగా ఉంది, ఒక్క మా వాడి బుర్ర తప్ప. పూడూరులో భూములు వాళ్లన్న చూసుకుంటాడు కాబట్టి, లోకాన్ని చూసుకునే పని వీడు తన నెత్తిన వేసుకున్నాడు. అద్దె పుస్తకాల్లోని అపరాధ పరిశోధకులందరినీ నమిలి మింగాడు. ఒక్కరూ అరగలేదు.

వీడి ప్రతిభకు ఒక్క ఉదాహరణ చాలు. బట్టల దుకాణం జంగప్ప గొడుగు పోతే, హంతకుణ్ని వెతికినంత పట్టుదలగా ఎండలో పడి ఊరంతా గాలించాడు. ఎండకు తట్టుకోలేక ఆ గొడుగే వేసుకొని తిరిగాడన్న సంగతి చివరికి జంగప్పే కనిపెట్టాడు. "నేరస్థుణ్ని మరిపించనీకె అట్ల తిరిగిన" అని మా వాడు ఇప్పటికీ అంటాడు.

అలాంటివాడికి నా చెల్లెలి సంగతి ఎందుకు చెప్పానో చెప్పాలి.

నా చెల్లెలు అరుణాదేవిని తాండూరులో ఇచ్చాం. బిడ్డ పుట్టాక దానికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. అనంతగిరి కొండ మీద దవాఖానాలో చేర్చాం. అది మంచమ్మీద ఉండగానే పసిపిల్ల అక్కడ తాండూరులో పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. చిన్నపిల్లల్ని కొండ మీదికి రానివ్వరు. బావ చంద్రశేఖర్ వచ్చినప్పుడల్లా పిల్ల ముచ్చట్లు చెప్పేవాడు. అరుణ గోడవైపు తిరిగి వినేది.

మందులు పనిచేశాయి. జబ్బు లొంగింది. ఇక మిగిలింది నడక మందు. అక్కడి పద్ధతి అది. కోలుకునేవాళ్లకు పొద్దున్నే మూడు బాటలు. దవాఖానా చుట్టూ చదునుగా తిరిగేది మెత్తబాట. వాలులో ఎక్కిదిగేది నడిమిబాట. అడవిలోంచి బండలమీదుగా దిగి, చెరువు ఒడ్డు ఇసుకలో ముగిసేది గట్టిబాట. ఒక్కో బాట చివర సున్నం కొట్టిన ఒక తాండూరు నాపరాతి బండ పాతి ఉంటుంది. మూడో రాయి ముట్టి, ఆయాసం లేకుండా తిరిగొస్తే ఇంటికి పంపుతానని డాక్టరు మాట. ఆయన వెంట రాడు. రోగి చెప్పిందే నమ్ముతాడు.

ఒక ఆదివారం నేను పండ్లు పట్టుకొని వెళ్తే అరుణ ముఖం చిన్నబోయి ఉంది.

"అన్నా, గా మూడో రాయి నాకు అందుతలేదు" అంది. "మొదటిసారి పోతే ఇసుకల జర దూరంల కనబడ్డది. దవాఖాన గంట కొట్టంగనే మళ్లొచ్చిన. తెల్లారి ఇంకింత దూరంల ఉండె. మొన్న పోతె ఇంకా దూరం. నేను దగ్గరికి పోయినకొద్దీ అది దూరం జరుగుతున్నది."

"రాయి జరుగుతదా బిడ్డా?"

"అదే కదా. రాయి జరగదు. అంటే నా పానమే దిగజారుతున్నదన్నట్టు. డాక్టరుకు చెప్తె నా నెత్తి మీద చెయ్యి పెట్టి చూసిండు. ఇంకో నెల మంచమ్మీద ఉండుమంటుండు. నేను బతిమిలాడితె, శనివారం ఒక్కసారి పోయి చూడమన్నడు. వచ్చే ఆదివారం మీ బావ పిల్లను తీస్కొని స్టేషన్ దాకా వస్తుండు, నన్ను తోల్కపోతనని."

"ముట్టిన్నని చెప్పరాదు?" అన్నాను, నోరు జారి.

"అబద్ధం చెప్పి పోయి, నా పిల్ల ముఖం మీద దగ్గమంటవా?" అంది.

కొండ దిగుతూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఏడ్చిన కళ్లతోనే హోటల్ తెరిచాను. ఆ కళ్లను బెంచీ మీద ఉన్న పరిశోధకుడు పట్టేశాడు. జీవితంలో వాడు సరిగ్గా పట్టింది అదొక్కటే.

అంతా విని పాండురంగం కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఇది మామూలు కేసు కాదు" అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఒక ముఠా మన అనంతగిరిని రాయి రాయిగ ఎత్తుకపోతున్నది. ఇయ్యాల ఒక రాయి. రేపు కొండ."

"కొండను ఏం చేసుకుంటరు?"

"అది నేరస్థులకే ఎరుక. లేకపోతె ఆ డాక్టరు. మంచాలు ఖాళీ కావొద్దని రాయి జరుపుతుండు. లేకపోతె మీ బావ."

"మా బావ తాండూరుల ఉంటడు."

"గందుకే నాకు అనుమానం. నేరం జరిగినప్పుడల్లా ఆయన అక్కడ లేడు. ఏ నిర్దోషీ అంత జాగ్రత్తగ ఉండడు."

శనివారం తెల్లవారకముందే ఇద్దరం కొండెక్కాం. మా వాడి వేషం చెప్పాలి. ఎండాకాలంలో పొడుగు కోటు. తాతగారి భూతద్దం. ఎవరూ గుర్తుపట్టకుండా గొర్రె బొచ్చుతో చేసుకున్న మీసం. దారిలో ఎదురైన ప్రతివాడూ "ఏం పాండురంగం, మీసం పెట్టినవ్?" అని అడుగుతూనే ఉన్నాడు. కోటు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"జేబులల్ల ఏందిర?"

"ఉప్పు. చెరువంటె జలగలు ఉంటయి. ముఠా దెబ్బకన్న జలగ దెబ్బ చెడ్డది. పరిశోధకుడు అన్నిటికీ సిద్ధంగ ఉండాలె."

అరుణ శాలువా కప్పుకొని దవాఖానా వెనక గట్టిబాట మొదట్లో నిలబడి ఉంది. మా వాణ్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "పాండన్నా, మీ మీసం వంకర పోయింది" అంది.

"చెల్లె, నువ్వు నన్ను గుర్తుపట్టొద్దు."

"సరే, పట్టలేదు."

బాట బండల మధ్య దిగుతోంది. అరుణ మెల్లగా, లెక్కగా ఊపిరి తీసుకుంటూ ముందు నడుస్తోంది. ఆ వెనక నేను. నా వెనక పాండురంగం ప్రతి చెట్టు చాటునా దాక్కుంటూ వస్తున్నాడు. దాక్కుంటూ నడిచేవాడికి రెండింతల దూరం కదా. సగం దిగేసరికే వాడి ఊపిరి కొలిమి తిత్తిలా వినిపిస్తోంది.

అడవి అయిపోయి ఇసుక మొదలయ్యేచోట, ఒక మోదుగ చెట్టు పక్కన పాండురంగం మాయమయ్యాడు. మరుక్షణం నేలలోంచి మూలుగు వినిపించింది. చూస్తే మోకాల్లోతు గుంతలో ఒక కాలు, బయట ఒక కాలు. నలుపలకల గుంత. దాని అంచుల చుట్టూ సున్నపు పెళ్లలు రాలి ఉన్నాయి.

"చూసినవా? నా కోసమే తవ్విండ్రు" అన్నాడు కాలు లాక్కుంటూ. "నా పేరు వాళ్లదాక పోయిందన్నట్టు."

గుంత గురించి నేను కూడా అంతకంటే ఆలోచించలేదు. నా దిగులంతా ముందున్న ఇసుక మీదే ఉంది. అరుణ చెయ్యి అడ్డం పెట్టుకొని చెరువు ఒడ్డంతా చూసింది. ఎక్కడా తెల్లరాయి లేదు.

"ఈసారి కనబడనే లేదు అన్నా" అంది. "మొన్న అగో ఆ నడుమల ఉండె, ఆ తుమ్మ అవుతల. నేను ఆ తుమ్మ దాకా పోయి మళ్లిన."

పాండురంగం ఇసుకలో బోర్లా పడుకొని భూతద్దం పెట్టాడు.

"ఆడోళ్ల ముఠా" అన్నాడు.

"ఏంది?"

"చిన్న చిన్న అడుగులు. మడిమె ఎత్తు బూట్లు. పట్నం దొరసానులు తొడుగుతరు చూడు, అసువంటివి. మస్తు మంది ఉన్నరు. ఒక్కొక్కతి రెండు జతలు తొడిగినట్టుంది."

"పాండన్నా, అవి..." అంది అరుణ.

"చెల్లె, నడుమ మాట్లాడకు. ఇగో, ఇదేందో చూడుండ్రి." ఇసుకలోంచి నల్లటి గోళీలు నాలుగు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. వాసన చూశాడు. "అఫీము. ఇప్పుడు కథంత సాఫ్ అయింది. అఫీము గోళీలు చేసి, బండ కింద దాచిపెట్టి..."

రుచి కూడా చూసేవాడే. అరుణ చెయ్యి పట్టుకొని ఆపింది. "అన్నా, అది గొర్రె పెంటిక." చాలా రోజుల తర్వాత అది నవ్వడం చూశాను.

వాడు చెయ్యి కోటుకు తుడుచుకుంటూ ఏదో అనబోయాడు. అంతలో చెరువు మలుపు దగ్గరినుంచి ఒక గొర్రె వచ్చి నిలబడింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక మంద. ముందున్నది ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. పాండురంగం జేబు వైపు చూసింది.

"కదలకుండ్రి" అన్నాడు పాండురంగం. "జంతువులకు భయం వాసన తెలుస్తది."

వాటికి తెలిసింది ఉప్పు వాసన. మొదటి గొర్రె జేబులో మూతి పెట్టింది. రెండోది రెండో జేబు చూసుకుంది. మిగతావి తమ వంతు ఏదని తోసుకొచ్చాయి. మా అపరాధ పరిశోధకుడు ఒక్క కేక పెట్టి పరుగందుకున్నాడు. అదీ, వెనక్కి రావలసినవాడు తికమకలో మందలోంచి దూసుకుపోయి, అవి వచ్చిన వైపుకే పరిగెత్తాడు. కోటు తోకలు పట్టుకొని మంద వెంటపడింది.

"అయ్యో, అన్న పడతడు" అంటూ అరుణ శాలువా నా చేతిలో పడేసి పరిగెత్తింది. "నువ్వు ఉరకొద్దు" అని అరుస్తూ దాని వెనక నేను. తుమ్మ దాటింది. నడుమ ఇసుక దాటింది. చెరువు మలుపు కూడా దాటింది. ఎంత ఉరికినా నాకు అందలేదు.

మలుపు అవతల పొలంలో ముళ్లకంప చుట్టూ నాటి మంద ఆపే దొడ్డి ఉంది. దాని ముందు ఏదో తెల్లటి దానికి కాలు తగిలి పాండురంగం దాని మీదే బోర్లా పడ్డాడు. జేబుల్లోని ఉప్పంతా ఒలికింది. గొర్రెలు వాడి మీదికెక్కి, వాడినీ, వాడి కింద ఉన్నదాన్నీ కలిపి నాకడం మొదలుపెట్టాయి.

"బాల్‌రాజ్, నన్ను తింటున్నయి" అని లోపలినుంచి గొంతు వినిపించింది.

దొడ్డిలోంచి బీరయ్య, అతని భార్య రుక్కమ్మ కర్రలు పట్టుకొని వచ్చారు. ఇద్దరూ ఆ చుట్టుపక్కల మంద తోలుకొని తిరిగే కురుమలు. బీరయ్య మందను అదిలించి మా వాణ్ని కోటు పట్టి లేపాడు. కింద తెల్లగా ఉన్నది సున్నం కొట్టిన తాండూరు బండ.

"పటేలా, ఈ బండ మీద ఎందుకు పండిండ్రు? అది గొర్లకు ఉప్పు పోసే బండ" అన్నాడు బీరయ్య.

అరుణ వచ్చి వంగి ఆ రాయి మీద చెయ్యి పెట్టింది.

"ఈ బండ నీకు ఎక్కడిది బీరయ్యా?" అన్నాను.

"అగో గా మోదుగ చెట్టు కాడ వానకు కూలి పడుండె. దవాఖానోళ్లు పారేసిండ్రనుకున్న. సాపుగ ఉన్నదని ఉప్పు పోస్తె గొర్లు దీనికే అలవాటు పడ్డయి. వేరే బండ మీద పోస్తె మూతి పెట్టయి. ఈ చెరువు ఒడ్డు రైతులు ఎరువు కోసం మందను పొలంల ఆపుమంటరు కదా. ఒక మడి అయినంక ఇంకో మడికి పోతం. మంద ఎటు పోతె బండ అటు."

"నా నడుము పాయె మోసి మోసి" అంది రుక్కమ్మ. "సున్నం పోతె గొర్లు గుర్తుపట్టవని మళ్ల సున్నం గూడ కొట్టిస్తడు."

అప్పుడు నాకు మోదుగ చెట్టు పక్కన మా వాడు పడ్డ నలుపలకల గుంత గుర్తుకొచ్చింది. మూడో రాయి అసలు చోటు అదే. అంటే అరుణ మొదటిరోజే దాన్ని దాటింది. పోయినప్పుడల్లా దాటింది. దాటి, ఇంకా దూరం నడిచి, రాయి అందలేదని ఏడుస్తూ వెనక్కి వచ్చింది.

ఆ మాట దానితో చెప్పాలని నోరు తెరిచాను. ఆయాసంతో మాట రాలేదు. ఛాతీ పట్టుకొని ఇసుకలో కూలబడ్డాను. పక్కన పాండురంగం నాలుక బయటపెట్టి పడి ఉన్నాడు. అరుణ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. కాసేపు అలాగే ఉంచింది.

"అన్నా" అంది నెమ్మదిగా, "నాకు ఆయాసం వస్తలేదు."

అప్పుడు ఏడ్చింది. ఆ బండ మీదే కూర్చొని, పక్కన గొర్రె చెయ్యి నాకుతుంటే, కడుపునిండా ఏడ్చింది. రుక్కమ్మ సంగతి తెలియకపోయినా పక్కన కూర్చొని వీపు నిమిరింది.

దవాఖానాలో డాక్టరు అంతా విన్నాడు. అరుణ ఛాతీ మీద గొట్టం పెట్టి చూశాడు. "గుంత కాడికి పోయి మళ్లొస్తె చాలు, పంపిస్తుంటి. నువ్వు మలుపు దాక ఉరికొచ్చినవ్. నీ మాట నమ్మకపోతి. తప్పు నాదేనమ్మా" అన్నాడు. తర్వాత, ఇంకా రొప్పుతున్న పాండురంగానికి గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "ఈ సాబుకు మాత్రం ఒక నెల మెత్తబాట" అన్నాడు.

ఆదివారం స్టేషన్లో తాండూరు బండి కోసం నిలబడ్డాం. బావ చంద్రశేఖర్ పిల్లను ఎత్తుకొని వచ్చాడు. అరుణ రెండు చేతులూ చాచింది. పిల్ల ఒక్క చూపు చూసి, తండ్రి మెడలో ముఖం దాచుకుంది. ఎవరో కొత్త మనిషి అనుకుంది. అరుణ చేతులు అలాగే ఉండిపోయాయి. రాయి అందనప్పుడు కూడా దాని ముఖం అలా కాలేదు.

ఇదేదీ పాండురంగానికి పట్టలేదు. మీసం సవరించుకుంటూ నడుమకు వచ్చాడు.

"మొదటి దినమే నాకు అంత ఎరుక. గొర్ల మంద మీద అనుమానం వచ్చి, కావాలనే జేబులల్ల ఉప్పు నింపుకొని పోయిన. ఉరికింది గూడ భయపడి కాదు, అవి దారి చూపిస్తయని..."

పిల్ల మెల్లగా తల తిప్పింది. చెయ్యి చాచి ఆ మీసం పట్టుకొని గుంజింది. మీసం ఊడి దాని పిడికిట్లోకి వచ్చింది. పాండురంగం రెండు చేతులతో పైపెదవి మూసుకున్నాడు.

అరుణ పకపకా నవ్వింది. ఆపుకోలేక, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. పిల్ల ఆ నవ్వు వైపు చూసింది. తానూ నవ్వింది. బొచ్చు మీసం ఇంకా పిడికిట్లోనే ఉండగా ముందుకు వంగి, తల్లి చేతుల్లోకి వచ్చేసింది.

బండి వెళ్లిపోయాక కూడా మా వాడు పైపెదవి రుద్దుకుంటూ ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు.

"బాల్‌రాజ్, ఆ పొల్ల నా మీసం ఎత్తుకపోయింది. ఇది మామూలు కేసు కాదు" అన్నాడు.

ఆ రోజు చాయ్‌తో పాటు వాడికి రెండు సమోసాలు కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో వాడు ఇప్పటికీ కనిపెట్టలేదు.