వెనక దొరికిన వెంట్రుక

కుర్చీని అదుపులోకి తీసుకునేసరికి ఉదయం పది దాటింది. దిండు కోసి దూది పీకారు, మేకులు లెక్కపెట్టారు, నాలుగు కాళ్ళకూ సీలు వేశారు. కేశతైలం కంపెనీ యజమానికి తోక ఎముక దగ్గర, చెప్పుకోలేని చోట, చీము కారే కన్నం పడిందన్న సంగతి అప్పటికే ఊరంతా గుప్పుమంది. చెప్పుకోలేని చోటు కాబట్టి అందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు.

కోటి సీసాలు అమ్ముడైన శుభసందర్భంగా పెట్టిన సభలో, వేదిక మీద కూర్చోబోయి కెవ్వుమన్న మనిషిని అటునుంచి అటే ఆసుపత్రికి తెచ్చారు. సభకు వచ్చిన విలేకరులు దండలతో సహా వెనకే వచ్చారు.

దర్యాప్తు బాధ్యత కంపెనీ సెక్యూరిటీ అధికారిది. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఆయన, కుక్క కరిచినా కుట్ర కోణం వదలని నిష్ఠాపరుడు.

"వెనకనుంచి పొడిచారు సార్. తెలిసినవాళ్ళ పనే," అన్నాడు, స్ట్రెచర్ మీద బోర్లా పడుకున్న యజమాని చెవిలో.

"పొడిచినవాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టవయ్యా. కూర్చోబెట్టకు. ఎవరైనా కూర్చుంటే చూడలేకపోతున్నాను."

యజమాని మాటంటే మాటే. ప్రతి సీసా మీదా ఆయన ఫొటో, ఫొటోలో బారెడు మీసం, మీసం కింద శపథం: 'ఒక్క వెంట్రుక రాలినా ఈ మీసం గొరిగించుకుంటాను.' రాలుతోందని ఉత్తరాలు రాసే అమాయకులు కొందరు ఉండేవారు. వారికి కంపెనీ ఓపిగ్గా ఒకటే జవాబు అచ్చువేసి పంపేది: 'లోపం తైలానిది కాదు, తమ తలది. రెండు సీసాలు వాడి చూడగలరు.' వారు సిగ్గుపడి రెండు సీసాలు వాడేవారు. మీసం ఏటికేడాది పెరిగింది.

సర్జన్ పరీక్ష చేసి, దీన్ని పైలోనైడల్ సైనస్ అంటారనీ, చర్మం కింద సొరంగంలా పాకిందనీ, కోసి మొత్తం తీసేయాలనీ చెప్పాడు. ఆ సర్జన్ తల అద్దంలా మెరుస్తోంది. ఆరేళ్ళుగా ఇదే తైలం వాడుతున్నానని వినయంగా విన్నవించుకున్నాడు కూడా.

వెన్నుకు మత్తు సూది ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు, చెవులు మాత్రం పనిచేస్తాయి. ఇన్‌స్పెక్టరు మాస్కు కట్టుకుని, నేరస్థలాన్ని వదిలేది లేదని బల్ల పక్కనే నిలబడ్డాడు. సొరంగం ఎటు పోయిందో తెలియడానికి సర్జన్ నీలం రంగు ఎక్కించాడు. రంగు పాకినంత మేరా చర్మం కోశాడు. పట్టకారు లోపలికి పెట్టి లాగాడు.

"దొరికింది!"

ఒకటి, రెండు, మూడు... మొత్తం పదకొండు వెంట్రుకలు ట్రేలోకి చేరాయి.

"అక్కడ మొలిచినవేనా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"కాదండీ, పైనుంచి వచ్చినవి. తలలోంచి రాలి, కాలరు దాటి, వీపు మీదుగా జారి ఇక్కడికి చేరతాయి. గంటల తరబడి కూర్చుంటే ఒరుసుకుని సూదుల్లా చర్మంలోకి దిగుతాయి."

యజమానికి నడుము కింద మత్తు, నడుము పైన చెమట. "రాలవు," అన్నాడు.

"అంటే?"

"మా తైలం రాసిన తలనుంచి రాలవు. సీసా మీద ఉంది చూసుకోండి."

"సీసా మీద ఉన్న మాట నిజమే సార్. ట్రేలో కూడా ఉన్నాయి మరి."

ఇన్‌స్పెక్టరు బుర్రలో మెరుపు మెరిసింది. "అయితే ఇవి సార్‌వి కావు! ఎవరివో పరాయి వెంట్రుకలు!"

"సెబాష్! పరాయివే!" అన్నాడు యజమాని, మీసం దక్కిన ఆనందంలో.

ఇన్‌స్పెక్టరు ఆ ఊపులోనే వరండాలోకి వెళ్ళి అధికారికంగా ప్రకటించాడు. "యజమానిగారి సదరు భాగంలో లభ్యమైన పదకొండు వెంట్రుకలూ ఆయనవి కావని ఇందుమూలంగా తెలియజేస్తున్నాం. ఎవరివో తేల్చడానికి సిబ్బంది అందరి నమూనాలూ, ఆడామగా తేడా లేకుండా, సేకరిస్తాం."

యజమాని భార్య ఆ వరండాలోనే ఉంది.

లోపల సర్జన్ పక్కనుంచి చర్మం జరిపి, గుంట మీద కప్పి, కుట్లు వేసి, ఆయన్ని బోర్లాగానే బయటికి తోయించాడు. చక్రాలు ఆవిడ కాళ్ళ దగ్గర ఆగాయి.

"ఏమండీ," అంది ఆవిడ, చాలా మెత్తగా. "ఎవరివండీ?"

"ఏవి?"

"అవే. అక్కడికి పరాయి మనిషి వెంట్రుకలు ఎలా చేరతాయో కాస్త చెప్పండి, వింటాను. తొందరేం లేదు. మా అన్నయ్యలు బయల్దేరారు. ముగ్గురూ."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని లోకం ఊరికే అంటుంది. ఆయనకు వెనక గొయ్యి కుట్లతో సహా ఉంది. పరాయివంటే కాపురం పోతుంది. తనవంటే మీసం పోతుంది, మీసంతోపాటు కోటి సీసాల పరువూ పోతుంది. లేచి పారిపోదామంటే కాళ్ళకింకా స్పర్శ రాలేదు. విలేకరులు కలాలు తీశారు. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి, మూడు జతలు.

ఆయన మీసాన్ని చివరిసారిగా నిమిరాడు.

"నావే! నా తల వెంట్రుకలే! రాలాయి! రోజూ రాలుతూనే ఉన్నాయి!"

"ఆ ముక్క ముందే అంటే పోయేదిగా," అంది భార్య. "ఇరవై ఏళ్ళుగా మీ దువ్వెన శుభ్రం చేసేది నేనేగా!" అని, మెట్ల వైపు తిరిగి, "అన్నయ్యా, పనిలేదు, వెళ్ళి టీ తాగండి," అని కేకేసింది.

యజమాని కళ్ళు మూసుకున్నాడు. ఇక తిట్లు పడతాయి, సీసాలు పగులుతాయి, మంగలి వస్తాడు.

ఎవరూ రాలేదు. విలేకరులు ఒక్కొక్కరే చెయ్యెత్తి ఎవరి నెత్తి వాళ్ళు తడుముకున్నారు. అందరిళ్ళలోనూ రెండేసి సీసాలున్నాయి. పెద్ద విలేకరి టోపీ సర్దుకుని, జాలిగా ముందుకొచ్చాడు.

"మీరు కుమిలిపోకండి సార్. మీసం జోలికి అసలే వెళ్ళకండి. ఇలాంటివి అందరిళ్ళలోనూ ఉంటాయి, బయటికి చెప్పుకోం. తైలానికి వంక పెట్టగలమా?"

"కళ్ళు పోతాయి," అన్నాడు సర్జన్, తన నున్నటి తల నిమురుకుంటూ.

ఇన్‌స్పెక్టరు నోట్‌బుక్కు తెరిచాడు. కేసు మూయాలంటే ముద్దాయి పేరు కావాలి. "మరి తప్పెవరిదని రాసుకోను?"

వరండా మొత్తం ఒక్క గొంతుతో పలికింది.

"సార్ తలది!"