చెత్త కొరత

వచ్చే శనివారం గౌరవనీయ మంత్రివర్యులు మా పట్టణంలో చెత్తపై యుద్ధం ప్రారంభిస్తారని యువనేత రాజారత్నం గారు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. యుద్ధభూమి కూరగాయల మార్కెట్ పక్కనున్న ఖాళీ జాగా. మంత్రిగారు స్వయంగా చీపురు పడతారు, తడి చెత్తను, పొడి చెత్తను స్వహస్తాలతో వేరు చేస్తారు, ఆ తర్వాత యువతకు సందేశం ఇస్తారు. ప్రకటన అయ్యాక విలేకరులకు ప్లాస్టిక్ గ్లాసుల్లో చాయ్, పేపర్ ప్లేట్లలో మిర్చిబజ్జీ అందాయి.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ జాగాకు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీల దుకాణం నాది. మాది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్సులు మూడూ ఆగే చిన్న మున్సిపాలిటీ. మూడు వైపుల నాయకుల ముఖాలూ నా మిషన్‌లోంచే బయటికొస్తాయి. ప్రజాస్వామ్యానికి నేను చేసే సేవను చదరపు అడుగుల్లో లెక్కకట్టుకోవచ్చు.

రాజారత్నం గారు పార్టీ యువజన విభాగానికి అధ్యక్షులు. నేను పదో తరగతి తప్పిన ఏడాది ఆయన ఆ పదవిలోకి వచ్చారు. నాకిప్పుడు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, ఆయన మాత్రం యువతలోనే ఉన్నారు. ఈమధ్య మనవడి పుట్టువెంట్రుకలకు 'యువకిశోరం' అని ఫ్లెక్సీ చేయించారు. మనవడి గురించేమో అనుకొని ఫోటో అడిగితే తనదే ఇచ్చారు. అంతటి నిరంతర యవ్వనం అందరికీ దొరికేది కాదు.

యుద్ధానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్క శత్రువు తప్ప. ఆ జాగాలో చెత్త లేదు.

ఒకప్పుడు ఉండేది. నిండా ఉండేది. ఆ జాగా గోడ పక్కనే పుష్పాబాయి కూరగాయలు అమ్ముకుంటుంది. ఆ వాసనకు జనం ముక్కు మూసుకొని ఆమె గంప దాటి వెళ్లి అవతల కొనుక్కునేవారు. సాయంత్రానికి ఆమె వాడిపోయిన బెండకాయలు తిరిగి ఇంటికి మోసుకుపోయేది. ఆమె కూతురు సింధు డిగ్రీ చదువుతోంది. పోయిన వానాకాలం సింధు, ఆమె క్లాస్‌మేట్ వినోద్, ఇంకొందరు పిల్లలు కలిసి ఆ చెత్తంతా ఎత్తించి, గుంతలు తవ్వి, మార్కెట్ ఆకులు, తొక్కలు వేసి ఎరువు చేయడం మొదలుపెట్టారు.

మళ్లీ చెత్త వేసేవాళ్లను వాళ్లు తిట్టలేదు, జరిమానాలూ వేయలేదు. ఎవరైనా కవరు విసిరితే దాన్ని పట్టుకొని వాళ్ల వెంటే ఇంటిదాకా నడిచి, పదిమంది ముందు "మీ కవరు పడిపోయింది అంకుల్" అని మర్యాదగా చేతిలో పెట్టి వచ్చేవారు. నా కవరు కూడా మా అల్లుడి ముందు నాకు చేరింది. ఆ రోజు తలెత్తుకోలేకపోయాను. కొన్ని వారాలకు ఊళ్లో చెత్త విసిరే అలవాటే పోయింది. వేములపల్లి రైతులు ఎరువు కోసం రావడం మొదలైంది. పుష్పాబాయి గంప మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది. ఆ జాగాను గుంతలకే వదిలేస్తామని పైవాళ్లు ఒక్క మాట చెప్తే చాలని పిల్లలు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

మున్సిపల్ కమిషనర్ గారిని వెంటబెట్టుకొని రాజారత్నం గారు జాగా చూడడానికి వచ్చారు. చుట్టూ చూశారు. ముఖం మాడిపోయింది.

"చెత్తేది?" అన్నారు.

"లేదు సార్, తీసేసినం" అంది సింధు.

"ఎవలనడిగి తీసిన్రు?"

సింధు వినోద్ వైపు చూసింది. బస్టాండు వెనక ఏళ్లనాటి పెద్ద కుప్ప ఇంకా ఉంది కదా సార్, అక్కడ యుద్ధం చేయొచ్చు కదా అని వినోద్ అడిగాడు. కమిషనర్ గారు ఓపికగా వివరించారు. అది ఒరిజినల్ చెత్త. దానికి వాసన ఉంటుంది, ఈగలుంటాయి, మంత్రిగారికి ఆస్తమా. పైగా కాన్వాయ్ తిరగడానికి అక్కడ చోటు లేదు.

రాజారత్నం గారు స్వరం తగ్గించారు. "సూడమ్మా, శనివారం దాకా గీడ జర చెత్త ఉండనియ్యి. మంత్రిగారు ఊడుస్తరు, ఫోటో దిగుతరు. అదే స్టేజి మీద ఈ జాగా యువతకే అని చెప్పిస్త. నా మాట."

పుష్పాబాయికి ఇది నచ్చలేదు. మంత్రి చీపురు పట్టినంత మాత్రాన అంతా పోతదా, మిగిలింది ఎవరెత్తాలె అని కూతుర్ని నిలదీసింది. సింధు కూడా తటపటాయించింది. వినోదే ఒప్పించాడు. ఒక్క రోజు ముక్కు మూసుకుంటే జాగా మనదైతది అన్నాడు.

చెత్త వేయమని ఊళ్లో ఆటో తిప్పి మైకులో విజ్ఞప్తి చేశారు. ప్రజలు సహకరించలేదు. ఇది పట్టుకోవడానికి పన్నిన వల అనుకున్నారు. ఒక పెద్దాయన కవరు తెచ్చి, అటూ ఇటూ చూసి, మళ్లీ చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఇగ లాభం లేదని దిగుమతికి దిగారు. సూర్యాపేట నుంచి ఉల్లిపొట్టు, కోదాడ ఫంక్షన్ హాలు నుంచి ఇస్తరాకులు, మిర్యాలగూడ మిల్లు నుంచి ఊక ట్రాక్టర్లలో వచ్చాయి. నాణ్యత విషయంలో రాజారత్నం గారు రాజీపడలేదు. గాజుముక్కలు, డైపర్లు, చేపముళ్లు వెనక్కి పంపారు. మహిళా విభాగం వాళ్లు కూర్చొని ఖాళీ సీసాలను సబ్బుతో కడిగి కుప్పలో పేర్చారు. అంత శుభ్రమైన చెత్తను నా జన్మలో చూడలేదు.

శనివారం పొద్దున్నే ఎండ మండిపోతోంది. కుప్పంతా అప్పడంలా ఎండింది. కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. ప్రోగ్రాంలో తడి చెత్త అని ఉంది, ఇక్కడ అంతా పొడే. రాజారత్నం గారు మాత్రం చలించలేదు.

"దాందేముంది, తడుపుదాం" అన్నారు.

వార్డుకు మంచినీళ్లు తెచ్చే ట్యాంకరును పిలిపించి సగం కుప్ప తడిపించారు. బిందెలతో నిలబడిన ఆడవాళ్లను తర్వాత రమ్మన్నారు. తడి చెత్త అంటే నీళ్లు పోసింది కాదు సార్, కుళ్లేది అని సింధు చెప్పబోయింది.

"మంత్రిగారొచ్చే టైంకు యాడ కుళ్లుతదమ్మా?" అని ఆయన విసుక్కున్నారు. పరిపాలనలోని కష్టనష్టాలు కాలేజీ పిల్లలకు అర్థం కావు.

మునగాల దగ్గర దాబాలో టిఫిన్ ఆలస్యమై మంత్రిగారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. తడిసిన అట్టముక్కను పైకెత్తి "ఇది తడి" అన్నారు. చప్పట్లు. ఎండిన ఉల్లిపొట్టు తీసి "ఇది పొడి" అన్నారు. ఇంకా గట్టిగా చప్పట్లు. రెండూ తీసుకెళ్లి ఒకే బుట్టలో వేశారు. ఫోటోకు అడ్డమొస్తున్నారని పిల్లల్ని పక్కకు జరగమన్నారు. తర్వాత స్టేజి ఎక్కి, యువత ముందుకు రావాలని ఉపన్యాసం ఇచ్చారు.

సింధు తల్లి గంప పక్కన నిలబడి వింటోంది. మంత్రిగారి చెవిలో రాజారత్నం గారు ఏదో చెప్పారు. అన్నమాట ప్రకారమే మంత్రిగారు మైకు పట్టుకొని, "ఈ జాగా నేటి నుంచి యువతదే" అని ప్రకటించారు. సింధు ఎగిరి చప్పట్లు కొట్టింది. పుష్పాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. వినోద్ ఈల వేశాడు. నిజం చెప్పాలంటే నేనూ దుకాణం ముందు నిలబడి చప్పట్లు కొట్టాను.

అంతలో స్టేజి మీద శాలువా, అట్టతో చేసిన జాగా తాళంచెవి చేతులు మారాయి. యువత తరఫున యువత అధ్యక్షులు రాజారత్నం గారు స్వీకరించారు.

మంత్రిగారు అక్కడితో ఆగలేదు. ఊరి ఉత్సాహం చూసి ముచ్చటపడి, ప్రతి శనివారం ఒక్కో నాయకుడు ఇదే చోట చెత్త ఊడ్చి రాష్ట్రానికి ఆదర్శంగా నిలవాలని ఆదేశించారు. సోమవారానికల్లా ఎరువు గుంతలు పూడ్చి, శాశ్వత స్టేజికి సిమెంటు పోశారు. స్టేజి వెనక కట్టే ఫ్లెక్సీ ఆర్డరు నాకే వచ్చింది. సిగ్గేసింది. అయినా వేసిచ్చాను.

కుప్పను మాత్రం ఎత్తలేదు. వచ్చే శనివారానికి కావాలి కదా. వారం వారం మూడు ఊళ్ల నుంచి తెప్పించడం కష్టమని, ఉన్నదాన్నే జాగ్రత్తగా కాపాడుకోవాలని తీర్మానించారు. దానికో మనిషి కావాలి. పిల్లలకు ఉపాధి చూపించాలనే తపన రాజారత్నం గారికి మొదటినుంచీ ఉంది. ఔట్‌సోర్సింగ్‌లో ఆ ఉద్యోగం వినోద్‌కు ఇప్పించారు. ఖాకీ చొక్కా, టోపీ కూడా ఇచ్చారు. వాళ్ల నాన్న దామరచర్లలో కట్టుబడి కూలీ, ఆయన ఈమధ్యే కాలు విరగ్గొట్టుకొని ఇంట్లో కూర్చున్నాడు. వద్దనడానికి వినోద్‌కు నోరు రాలేదు.

నీళ్లు పోసిన భాగం రెండు రోజుల్లో కుళ్లింది. అసలైన తడి చెత్త తయారైంది. ఈగలొచ్చాయి. జనం మళ్లీ ముక్కు మూసుకొని పుష్పాబాయి గంప దాటి వెళ్తున్నారు.

గురువారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ సింధు తల్లి గంపలో మిగిలిపోయిన బెండకాయలు చూసింది. దుపట్టా నడుముకు చుట్టుకొని కుప్పలోకి దిగింది. కుళ్లిన ఇస్తరాకు ఒకటి పైకి తీసింది. వినోద్ కుర్చీలోంచి లేచాడు.

"ముట్టకు సింధూ."

"మనమే కదా తీసినం, వినోద్."

"గప్పుడు వేరే. ఇప్పుడు డ్యూటీల ఉన్న. పొద్దున ఫోటో కొట్టి ఆఫీసోళ్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిన. సాయంత్రం ఫోటోల గూడ అట్లనే ఉండాలె. లేకుంటే నా నౌకరి పోతది."

సింధు వాడి ముఖంలోకి చూసింది. వాడు నేల చూపులు చూశాడు. ఆమె వంగి ఆ ఇస్తరాకును కుప్ప మీద పెట్టింది.

వినోద్ జేబులోంచి ఫోను తీసి ఫోటో చూశాడు. కుప్పను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు.

"జర ఎడమకు" అన్నాడు.