పావురానికి లేని అదృష్టం

చెవుడు రావడం అదృష్టం! నవ్వకండి, మా బావగారిని చూశాకే నాకు జ్ఞానోదయమైంది.

బావగారు రేకుల కార్ఖానాలో ప్రెస్సు మిషను నడుపుతారు. ఇరవై ఆరేళ్లుగా ఆ ధడేల్ ధడేల్ మధ్యే ఉద్యోగం. అదే షెడ్డు దూలాల మీద పావురాల కాపురం. పాపం, వాటి బతుకేం బతుకు! మోతకు లోపలి చెవిలోని వెంట్రుకల్లాంటి కణాలు చచ్చిపోతే, పక్షులకు కొన్ని వారాల్లో కొత్తవి మొలుస్తాయట. కంపెనీ డాక్టరే చెప్పాడు. అంటే మళ్లీ ఆ మోతంతా వినాలి! మనిషికా బాధ లేదు. పోతే పోయినట్టే, శాశ్వత విశ్రాంతి.

మా అక్క వంటింట్లోంచి ఎన్ని పురమాయించినా బావగారు చలించరు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టేస్తారు. అందుకే ఆయనకు పట్టింపు లేదనుకుంటారు తప్ప, చెవుడని నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

తెలిస్తే ఎలాగండీ? చెవుడున్నవాణ్ణి మిషను మీద ఉంచరు. ఏటా పరీక్ష పెడతారు. నర్సమ్మ బటన్ నొక్కుతుంది, బీప్ వినిపిస్తే చెయ్యెత్తాలి. షెడ్డులో అందరూ ఆమె వేలు చూసి ఎత్తుతారు. అందరూ పాస్! గేటు దగ్గర ‘వినికిడి లోపం: సున్నా’ అని బోర్డు పెట్టి, మేనేజరుగారు దాని పక్కన ఫోటో దిగారు. లోపమే లేనప్పుడు ఇయర్‌ప్లగ్గులెందుకని అవి ఇవ్వడం మానేశారు.

మొన్న ఆదివారం బావగారి ఐదేళ్ల మనవరాలు ఒళ్లోకెక్కి, ఆయన చెవికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో గుసగుసలాడింది. నోరు చెవి దగ్గరుంటే పెదాలు కనిపిస్తాయా? ఆయనకు వెచ్చటి ఊపిరి తగిలిందంతే. నవ్వి తలూపారు.

“ఏం చెప్పానో చెప్పు తాతా.”

“అలాగేనమ్మా,” అన్నారు బావగారు.

చిన్నపిల్లల గుసగుసలు వీధి దాకా వినిపిస్తాయి కదా, పక్కనే ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది. పిల్ల ఆడుకోవడానికి వెళ్లాక, ఎదురుగా నిలబడి ఆయనకు అప్పజెప్పాను.

“నీకు వినపడదని నాకు తెలుసు తాతా. ఎవరికీ చెప్పనులే.”

బావగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

నిన్న పరీక్షలో ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. చెయ్యి ఒక్కసారీ లేవలేదు. సున్నా కాస్తా ఒకటైందని మేనేజరుగారు మండిపడి, ఆ మిషనుకు కొత్త మనిషిని వెతుకుతున్నారు.

అయ్యా మేనేజరుగారూ, మనిషెందుకండీ? దూలం మీది పావురాన్ని వేసుకోండి. ఎన్నిసార్లు చెవులు పోగొట్టినా దానికి మళ్లీ మొలుస్తాయి. బోర్డు మార్చే పనుండదు!